అమ్మమ్మ అంగుస్తానాకి అయస్కాంతం అంటుకుంది. ఇది వెండేనా?

దారపుండ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

చిక్కడపల్లిలో మా అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద కుట్టుపెట్టె దొరికింది. చెక్క పెట్టె, లోపల నీలం వెల్వెట్. వెల్వెట్ సగం పురుగులు తినేశాయి. దారాలూ బొత్తాలూ పక్కన పెడితే మూడు వస్తువులు మిగిలాయి. ఒకటి అంగుస్తానా, అంటే కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు. పైన మూసి ఉండే రకం, అంచు చుట్టూ చిన్న పూల పట్టీ. రెండోది సన్న తీగలతో అల్లినట్టున్న సూదుల గొట్టం, నా చూపుడు వేలంత. లోపల ఒక సూది ఇరుక్కుపోయి ఉంది, ఊపితే కూడా కదలదు. మూడోది చిన్న కత్తెర. పిడి తెల్లగా బరువుగా ఉంది, బ్లేడ్లు తుప్పు.

మొన్న ఒక వెండి షాపుకి తీసుకెళ్లాను. ఆయన అంగుస్తానా పక్కన అయస్కాంతం పెట్టగానే టక్కున అతుక్కుంది. "ఇనుమమ్మా, పైన పూత" అని ఇలా తోసేశాడు. కత్తెర పిడిలో అంతా లక్కే, కాటాకి రాదన్నాడు. గొట్టం మాత్రం తీసుకుంటానన్నాడు, అదీ కరిగించడానికి, తరుగు పోను. నాకు అమ్మే ఉద్దేశం ఎలాగూ లేదు. కానీ అమ్మమ్మ జీవితాంతం వెండి అనుకుని దాచుకున్నది ఇనుమా అని మనసు చివుక్కుమంది. ఎవరైనా చెప్పగలరా?


ఆదివారం అంగడి | శనివారం, రాత్రి 10:05

అయస్కాంతం అంటుకుంటే వెండి కాదక్కా. అంతే, టెన్షన్ పడి లాభం లేదు. జుమ్మేరాత్ బజార్‌లో ఇలాంటి పూత సామాను ప్రతి గురువారం కుప్పలు పోసి అమ్ముతారు. నేనూ ఒకసారి "పాత వెండి" అని ఒక అత్తరుదాన్ కొని, ఇంటికొచ్చి రుద్దితే ఇత్తడి బయటపడింది. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని చూపించి నవ్వుతుంది.


గీటురాయి | శనివారం, రాత్రి 11:20

అంగడి గారూ, కాస్త ఆగండి. అయస్కాంతం వెండిని పట్టుకోదన్నది నిజమే. కానీ అయస్కాంతం పట్టుకున్నంత మాత్రాన అందులో వెండి లేదని కాదు. ఈ రెంటికీ మధ్యే ఉంది మొత్తం కథ.

దారపుండ గారూ, అంగుస్తానా అంచు దగ్గర, పూల పట్టీకి పైనో కిందో, ఏమైనా అక్షరాలున్నాయా? చిన్నగా ఉంటాయి. పగటి వెలుతురులో ఫోన్ కెమెరాని జూమ్ చేసి, వస్తువుని మెల్లగా తిప్పుతూ చూడండి. కత్తెర పిడి మీద కూడా చూడండి, ముఖ్యంగా వేళ్లు దూర్చే రింగుల మెడ దగ్గర.

ఒక్క మాట. ఈలోగా దయచేసి దేన్నీ తోమొద్దు.


దారపుండ | ఆదివారం, ఉదయం 8:15

తోమలేదండీ. (గొట్టాన్ని చింతపండుతో తోమబోతుంటే మీ పోస్టు కనపడింది. నిజం.)

అంగుస్తానా మీద ఉన్నాయి! పట్టీకి కాస్త పైన వరసగా "సి.హెచ్.", తర్వాత "డోర్కాస్", తర్వాత 8. కత్తెర మీద మూడు ముద్రలు. ఒకటి నడుస్తున్న సింహం, ఒకటి లంగరు, మూడోది అరిగిపోయిన ఏదో అక్షరం.


గీటురాయి | ఆదివారం, ఉదయం 8:50

అనుకున్నదే! మీ షాపతను చెప్పింది సగం నిజం. అందులో ఇనుము, అంటే ఉక్కు, ఉంది. కానీ పైన ఉన్నది పూత కాదు.

సి.హెచ్. అంటే చార్లెస్ హార్నర్. ఇంగ్లండులో హాలిఫాక్స్ అనే ఊళ్లో నగల వ్యాపారి. అప్పట్లో వెండి థింబుల్స్‌తో, అంటే అంగుస్తానాలతో, ఒక తంటా ఉండేది. వెండి మెత్తన, సూది ఉక్కు. రోజూ సూది వెనక భాగాన్ని నెట్టీ నెట్టీ గుంటలు లోతై, చివరికి చిల్లులు పడేవి. సూది ఆ చిల్లులోంచి దూరి గోటి కింద గుచ్చుకునేది. పాత వెండి థింబుల్స్ వెలుగుకి పట్టి చూస్తే జల్లెడలా కనపడేది ఇందుకే. హార్నర్ చేసిందేమిటంటే, బయట ఒక వెండి పొర, లోపల వేలికి తగిలేచోట ఒక వెండి పొర, మధ్యలో ఉక్కు. దీనికి 1884లో పేటెంట్ తీసుకుని డోర్కాస్ అని పేరు పెట్టాడు. చివరన ఉన్న 8 సైజు నంబరు.

మధ్యలో ఉక్కు ఉంది కాబట్టి చట్టప్రకారం దానిమీద వెండి హాల్‌మార్క్ వేయడానికి వీల్లేదు. అందుకే సింహం బొమ్మ ఉండదు, పేరు మాత్రమే ఉంటుంది. ఆ సింహం లేదనే చాలామంది వీటిని నకిలీ అనుకుని పారేస్తారు.

కత్తెర సంగతి వేరు. నడిచే సింహం అంటే స్టెర్లింగ్, వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. లంగరు బర్మింగ్‌హామ్ పరీక్షా కార్యాలయం, అంటే వెండిని పరీక్షించి ముద్ర వేసే చోటు, గుర్తు. ఆ ఊరికి సముద్రమే లేదు, గుర్తేమో లంగరు! బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ ఊళ్లకి సొంత కార్యాలయాలు 1773లో వచ్చాయి. ఆ అనుమతి కోసం లండన్ వెళ్లినవాళ్లు బస చేసిన సత్రం పేరు కిరీటం-లంగరు అనీ, ఒక్కో ఊరు ఒక్కోటి పంచుకుందనీ చెప్తారు. షెఫీల్డ్ 1974 దాకా కిరీటమే వాడింది. మీకు ఎప్పుడైనా మూడు గోధుమ కట్టలు, మధ్యలో కత్తి కనపడితే అది చెస్టర్, 1962లో మూతపడింది. మూడో ముద్ర ఏడాదిని చెప్పే అక్షరం. అక్షరం ఒక్కటే చూసి ఏడాది చెప్పేయకండి. అవే అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి, అక్షరం తీరూ దాని చుట్టూ ఉన్న గీత ఆకారమూ కూడా కలవాలి.


ఆదివారం అంగడి | ఆదివారం, ఉదయం 9:10

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. అక్కా, సారీ. ఈ లెక్కన నేను ఇన్నాళ్లూ ఎన్ని వదిలేసి ఉంటానో!


బొల్లారం ఆంటీ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

చర్చి నుంచి ఇప్పుడే వచ్చి చూస్తున్నాను. డోర్కాస్ అంటే మన దొర్కా అమ్మా! అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం. యొప్పే ఊళ్లో తబితా అనే ఆమె, ఆమెకే దొర్కా అని ఇంకో పేరు. విధవరాళ్లకి బట్టలు కుట్టిపెట్టేది. ఆమె చనిపోతే ఆ విధవరాళ్లంతా ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ పేతురుకి చూపిస్తారు. అందుకే చర్చీల్లో బీదలకి బట్టలు కుట్టే ఆడవాళ్ల గుంపుని దొర్కా సంఘం అంటారు. మా చిన్నప్పుడు మా అమ్మ వెళ్లేది. ఈ పేరు వేలితొడుక్కి పెట్టారంటే పెట్టినాయనకి బైబిలు బాగానే తెలుసు.

మీ అమ్మమ్మగారు మిషన్ బడిలో చదివారా? మా పుట్టిల్లు నరసాపురం వైపు. అక్కడి లేసు అల్లిక కూడా మిషనరీలు నేర్పిందే. ఇంటింటా ఆడవాళ్ల చేతుల్లో క్రోషే సూది ఉండేది. కుట్టు బాగా వచ్చిన పిల్లలకి బళ్లో అంగుస్తానానో కత్తెరో బహుమతిగా ఇచ్చేవారని మా అమ్మ చెప్పేది.


దారపుండ | ఆదివారం, సాయంత్రం 6:00

ఆంటీ, ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మమ్మ సికింద్రాబాద్‌లో మిషన్ బడిలో ఎనిమిదో క్లాసు దాకా చదివింది. అంగుస్తానా అక్కడి నుంచి వచ్చిందేనట, బహుమతో కాదో అమ్మకి గుర్తులేదు. గొట్టం మాత్రం తాతయ్య కరీంనగర్‌లో ఉద్యోగం చేసినప్పుడు తెచ్చారట. కత్తెర గురించి అడిగితే "అది మీ అమ్మమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు, కాగితం కోస్తే చంపేసేది" అంది.


కమ్మచ్చు | ఆదివారం, రాత్రి 9:30

కరీంనగర్ అన్నారు కాబట్టి ఇక నేను మాట్లాడాలి. మా నాన్నగారు తీగపని చేసేవారు. నేను మాదాపూర్‌లో కోడ్ రాస్తాను, కానీ చిన్నప్పుడు సెలవుల్లో కుంపటి దగ్గర కూర్చోబెట్టేవారు. నా పేరు చూసి నవ్వుకునేవాళ్ల కోసం: కమ్మచ్చు అంటే తీగ లాగే ఉక్కు పలక. పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రం దాకా వరసగా ఉంటాయి.

కరీంనగర్ వెండి తీగపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. పక్కనే ఎలగందులలో మొదలైన పని అది. పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, పళ్లేలు ఎక్కువ. సూదుల గొట్టం లాంటి చిన్న సామాను ఎవరో అడిగి చేయించుకుంటేనే చేసేవారు.

పని ఎలా అంటే, వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. కొట్టి సాగదీసి, కమ్మచ్చులో ఒక్కో రంధ్రంలోంచి లాగుతూ పోతారు. నాలుగైదుసార్లు లాగేసరికి తీగ బిరుసెక్కుతుంది, మళ్లీ కాచి మెత్తబరచాలి. కాచడం మర్చిపోతే పుటుక్కున తెగుతుంది. నా చేతిలో ఎన్ని తెగాయో లెక్కలేదు. వెంట్రుకలా సన్నబడ్డాక రెండు తీగలు కలిపి పురిపెట్టి, పలచగా అణుస్తారు. అప్పుడు తీగ అంచు రంపం పళ్లలా కనపడుతుంది. మందం తీగతో ముందు చట్రం కట్టుకుని, ఈ పళ్ల తీగని చుట్టలు చుట్టలుగా వంచి చట్రంలో ఇరికిస్తారు. అవి కదలకుండా గురివింద గింజలు నూరిన జిగురు. దానిమీద వెలిగారం, టంకం పొడి చల్లి ఊదుగొట్టంతో మంట ఊదుతారు.

అసలు విద్య ఇక్కడే. టంకం కరగాలి, తీగ కరగకూడదు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క శ్వాస. నాన్న కళ్లు చిట్లించి ఊదేవారు. టంకం ఒక్కసారి నీళ్లలా మెరిసి తీగల మధ్యకి పాకుతుంది, ఆ క్షణంలోనే గొట్టం నోట్లోంచి తీసేయాలి. ఇంకో ఊదు ఊదితే రెండు రోజుల పని ముద్దైపోతుంది. అలా ముద్దైన రోజు ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు.

మీ గొట్టం అసలుదో, పోతపోసిందో చూడాలంటే భూతద్దంతో తీగ అంచు చూడండి. పళ్లు కనపడాలి, తీగకీ తీగకీ మధ్య చిన్న సందు కనపడాలి. పోతపోసిందైతే తీగలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయినట్టు గుండ్రంగా ఉంటాయి, పక్కన అచ్చు అతుకు గీత కూడా దొరుకుతుంది.


దారపుండ | సోమవారం, ఉదయం 7:45

పళ్లున్నాయి! నాణెం అంచు మీది గీతల్లాగా. రాత్రంతా భూతద్దం పట్టుకుని కూర్చుంటే మావారు "అందులో సినిమా ఏమన్నా వస్తోందా" అని అడిగారు.


మగ్గం మల్లేపల్లి | సోమవారం, మధ్యాహ్నం 2:10

నేను మగ్గం వర్క్ చేసేవాడిని. మా అడ్డా (బట్ట బిగించే చట్రం) మీద కొక్కెం లాంటి ఆరీ సూదే ఎక్కువ, దానికి అంగుస్తానా అక్కర్లేదు. జర్దోసీ, అంటే జరీ తీగల పని, కుట్టేప్పుడు కావాలి. మా వస్తాదు వాడేది రెండువైపులా తెరిచి ఉండే రకం, ఉంగరం లాంటిది. టైలర్లంతా అదే. ఎందుకంటే మేం సూదిని వేలి కొసతో నెట్టం, వేలి పక్కతో నెడతాం. మీది పైన మూసి ఉంది కదా, అది కొసతో నెట్టి సన్న కుట్టు వేసేవాళ్లది. వస్తువు చూస్తే కూర్చునే పద్ధతి కూడా తెలుస్తుంది.

ఒక డౌట్. గుంటలు అన్నివైపులా ఒకేలా అరిగాయా?


దారపుండ | సోమవారం, రాత్రి 8:20

లేదండీ. పైన నడినెత్తిన గుంటలు స్పష్టంగానే ఉన్నాయి. ఒక పక్క చిటికెన గోరంత మేర మాత్రం నున్నగా అయిపోయింది, అద్దంలా.


మగ్గం మల్లేపల్లి | సోమవారం, రాత్రి 8:40

అయితే మీ అమ్మమ్మ కూడా పక్కతోనే నెట్టేది! బళ్లో దొరసాని ఒకటి నేర్పితే ఈమె చేతికి ఇంకోటి అలవాటైంది. నాకు చాలా నచ్చింది ఇది.


గీటురాయి | సోమవారం, రాత్రి 9:15

మల్లేపల్లి భాయ్, చక్కగా పట్టుకున్నారు. ఇంకో సంగతి. తయారీలో గుంటలు మొదట చేత్తో ఒక్కొక్కటీ పోటు వేసేవారు, అందుకే బాగా పాతవాటిలో వరసలు వంకరగా ఉంటాయి. తర్వాత యంత్రం వచ్చింది. ఇంగ్లండులో జాన్ లాఫ్టింగ్ అనే డచ్చివాడు 1693లోనే థింబుల్ యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. గుండ్రటి రేకుని కాచి మెత్తబరుస్తూ, ఒకదానికంటే ఒకటి లోతైన అచ్చుల్లో దింపుతారు. ఆ తర్వాత లేత్ మీద తిప్పుతూ గుంటల చక్రం ఒత్తుతారు. కమ్మచ్చు గారు తీగకి చెప్పిన కాచడమే ఇక్కడ రేకుకి.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి చెప్తా, సరదాగా. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కావాలి. వస్తువు బరువు చూడండి. తర్వాత కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేయండి. వస్తువుని దారంతో కట్టి, అడుగుకీ పక్కలకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించే అంకెతో మొదటి బరువుని భాగించండి. స్టెర్లింగ్‌కి 10.3, 10.4 అలా రావాలి. జర్మన్ సిల్వర్‌కి 8.7 దరిదాపుల్లో వస్తుంది. పేరులో సిల్వరే కానీ అందులో వెండి రవ్వంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు అంతే. ఉక్కు 7.8. కత్తెరకి ఈ పరీక్ష వద్దు. లోపల లక్క, బ్లేడు ఉక్కు, అంకెకి అర్థం ఉండదు.


ఆదివారం అంగడి | సోమవారం, రాత్రి 9:50

కత్తెర మొత్తం వెండితో ఎందుకు చేయరో ఇప్పుడు అర్థమైంది. అంగుస్తానాకే చిల్లు పడితే బ్లేడుకి పదునేం నిలుస్తుంది!


దారపుండ | మంగళవారం, రాత్రి 10:00

చేశాను. మావారి ఆఫీసు కొలీగ్ దగ్గర కాటా అరువు తెచ్చాను.

అంగుస్తానా 6.12 గ్రాములు, నీళ్లలో 0.68. అంటే సరిగ్గా 9. గొట్టం 11.30 గ్రాములు, నీళ్లలో 1.12. అంటే 10.09. గొట్టం అంకె తగ్గిందేమిటండీ? మళ్లీ గుండె ఆగింది.


కమ్మచ్చు | మంగళవారం, రాత్రి 10:20

గాలి! తీగపని మధ్య సందుల్లో బుడగలు ఇరుక్కుంటాయి. నీళ్లలో ఒక్క చుక్క కుంకుడు రసం కలిపి, గొట్టాన్ని ముంచి మెల్లగా తట్టి, అప్పుడు చూడండి. మూత తీసి ముంచండి.


దారపుండ | మంగళవారం, రాత్రి 10:55

1.09! భాగిస్తే 10.37. కమ్మచ్చు గారూ, మీకు బిర్యానీ బాకీ.


గీటురాయి | మంగళవారం, రాత్రి 11:05

ఇంకేం కావాలి. అంగుస్తానాకి 9 రావడం కూడా చూడండి. వెండికీ ఉక్కుకీ మధ్యన పడింది. పొరలున్నాయని కాటా కూడా చెప్తోంది.


బొల్లారం ఆంటీ | బుధవారం, ఉదయం 6:30

ఇక శుభ్రం చేసుకోవచ్చు కదమ్మా. అల్యూమినియం కాగితం, సోడా, వేడినీళ్లు. యూట్యూబ్‌లో చూశాను, క్షణంలో తెల్లబడుతుంది.


గీటురాయి | బుధవారం, ఉదయం 7:10

ఆంటీ, గొడ్డలితో దోమని కొట్టినట్టవుతుంది. పనిచేస్తుంది, కాదనను. వెండి నలుపు అంటే గాలిలో గంధకంతో కలిసి ఏర్పడిన పొర. ఆ పద్ధతిలో గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు పోతుంది. కానీ పనివాడు పువ్వుల లోతుల్లో నీడ కోసం కావాలని ఉంచిన నలుపూ పోతుంది. నగిషీ అంతా చప్పగా, బోడిగా కనపడుతుంది.

కత్తెరకైతే మరీ ప్రమాదం. పిడి అంటే పలచటి వెండి రేకులు రెండు అతికించి, లోపల లక్క పోసింది. నేను మొదట్లో ఇలాంటి కత్తెరనే సోడా నీళ్లలో మరిగించాను. పది నిమిషాల్లో అతుకు దగ్గర నల్లటి జిగురు బుసబుసా పొంగింది, పిడి ఉబ్బింది, బ్లేడు ఊడి చేతికొచ్చింది. ఆ కత్తెర ఇంకా నా డ్రాయర్లో ఉంది, రెండు ముక్కలుగా. టూత్‌పేస్టు కూడా వద్దు, అది గరుకు, ముద్రలు అరిగిపోతాయి.


బొల్లారం ఆంటీ | బుధవారం, ఉదయం 7:40

మరి మా అత్తగారు యాభై ఏళ్లు విభూతితో తోమింది వెండి కంచాలన్నీ. ఏం కాలేదు.


కమ్మచ్చు | బుధవారం, ఉదయం 9:00

కంచానికి ఏం కాదు ఆంటీ, మందంగా ఉంటుంది. తీగపని సందుల్లో విభూతి దూరితే మాత్రం జన్మలో రాదు. గొట్టానికి కుంకుడు రసం, మెత్తని పిల్లల బ్రష్, తర్వాత నీడలో ఆరబెట్టడం. మా ఇంట్లో అమ్మకానికి పెట్టేముందు కూడా అంతే చేసేవారు. అంగుస్తానానీ కత్తెర పిడినీ పొడి కాటన్ గుడ్డతో తుడిస్తే చాలు. రబ్బర్ బ్యాండ్ వేసి మాత్రం దాచకండి. రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండ్ ఆనినచోట నల్ల చార పడుతుంది.


ఆదివారం అంగడి | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఎవరైనా సాలార్‌జంగ్ మ్యూజియంకి వస్తారా ఈ ఆదివారం? వెండి సామాను, బిద్రీ మళ్లీ చూడాలనిపిస్తోంది. (శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు. నాకు అనుభవం.) బిద్రీ కూడా వెండే కదా?


కమ్మచ్చు | బుధవారం, మధ్యాహ్నం 1:15

వస్తాను. బిద్రీలో వెండి పొదుగు మాత్రమే. ఒళ్లంతా జింకు, కొంచెం రాగి. దాన్ని నల్లబరిచేది బీదర్ కోట మట్టి. అక్కడ నలుపే అందం, ఎవరూ తోమరు!


దారపుండ | గురువారం, రాత్రి 9:25

నేనూ వస్తాను, మా అమ్మని కూడా తీసుకొస్తా. పెట్టె చూపిస్తాను.

ఇంకో కబురు. గొట్టంలో ఇరుక్కున్న సూది గుర్తుందా? తుప్పుతో గోడకి అంటుకుపోయింది. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి రెండు రోజులు పడుకోబెట్టాను. ఈరోజు పట్టకారుతో పట్టుకుని కదిపితే వచ్చేసింది. తుప్పు సగం దాకా తినేసింది. కానీ కంటిలో దారం ఇంకా ఉంది. ఎర్రది, జానెడు. కొసన ముడి కూడా వేసి ఉంది.


మగ్గం మల్లేపల్లి | గురువారం, రాత్రి 9:40

సూది నంబరెంత?


దారపుండ | గురువారం, రాత్రి 9:52

సూది మీద నంబరెక్కడ ఉంటుందండీ! సన్నగా ఉంది. మా ఇంట్లో 9 నంబరు సూది పక్కన పెడితే దానికంటే దీని కన్ను చిన్నగా ఉంది.


మగ్గం మల్లేపల్లి | గురువారం, రాత్రి 9:58

అయితే 10 అయి ఉంటుంది. నంబరు పెరిగితే సూది సన్నం. దారం తీయకండి మేడమ్, అలాగే తీసుకురండి ఆదివారం.